నంబూరు కాదు, నాంబోర్

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పోయిన నెల ఈ కార్యక్రమం చివర్లో ఒక అమ్మాయి ఫోన్ చేసి నన్నో ప్రశ్న అడిగింది, గుర్తుందా? "అంకుల్, మీరు ఇరవై ఏళ్ళ పైనుంచీ రోటరీ క్లబ్బులో ఉన్నారట కదా. మనకి తెలుగు సంఘం ఉంది, గుడి ఉంది. అవి చాలక ఆ క్లబ్బెందుకు మీకు?" అని. టైమైపోతోందన్న వంకతో ఏవో రెండు మాటలు చెప్పి తప్పించుకున్నాను. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ రేడియో ముందే కూర్చుని ఉంది. "ఆ పిల్ల సరిగ్గానే అడిగింది. నాకు కూడా ఇంతవరకూ జవాబు చెప్పలేదు మీరు" అంది. అందుకని ఈ వారం సినిమా కబుర్లు పక్కన పెట్టి ఆ సంగతే చెబుతాను.

మీరు కార్లో ఏ చిన్న ఊరు మీదుగా వెళ్ళినా ఊరి మొదట్లో "స్వాగతం" బోర్డు కనిపిస్తుంది. దాని కింద గుండ్రటి గుర్తులు రెండో మూడో ఉంటాయి. పళ్ళ చక్రం రోటరీది. సింహం తలలున్నది లయన్స్ క్లబ్బుది. మరొకటి ఏపెక్స్ ది. మనం వాటిని చూస్తూనే ఉంటాం, ఎవరూ ఆగి ఇవేమిటని అడగం. నేనూ అయిదేళ్ళు అలాగే చూస్తూ తిరిగాను.

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. నేను సేవ చేద్దామని చేరలేదు. 1998లో బ్రిస్బేన్ వచ్చాను. ఇండియాలో చదివిన ఎకౌంటెన్సీ ఇక్కడ సగమే చెల్లింది. మళ్ళీ పరీక్షలు రాసి, రెండు మూడు చోట్ల పనిచేసి, 2002లో సొంతంగా ఒక చిన్న ఆఫీసు తెరిచాను. బల్ల ఉంది, కుర్చీలున్నాయి, గోడకి సర్టిఫికెట్ ఉంది. క్లయింట్లు మాత్రం లేరు. కింద అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు గారు నా అవస్థ చూసి, "మంగళవారం పొద్దున్న ఏడింటికి మా క్లబ్బులో బ్రేక్‌ఫాస్ట్ ఉంది, రండి" అన్నారు. జేబునిండా విజిటింగ్ కార్డులు కుక్కుకుని వెళ్ళాను. అదీ నా సేవా దృక్పథం.

దీనికి చాలాకాలం లోలోపల సిగ్గుపడ్డాను. తరవాత రోటరీ చరిత్ర చదివితే కాస్త ధైర్యం వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన పాల్ హారిస్ ఒక లాయరు. వెర్మాంట్ రాష్ట్రంలో పల్లెటూళ్ళో తాతగారింట పెరిగిన మనిషి, షికాగో మహానగరానికి వచ్చి ఒంటరివాడైపోయాడు. 1905 ఫిబ్రవరి 23న మరో ముగ్గురితో కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. వాళ్ళలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన దర్జీ. వారం వారం ఒకరి ఆఫీసు తరవాత ఒకరి ఆఫీసులో, వంతులవారీగా కలుసుకునేవారు కాబట్టి రోటరీ అన్నారు. ఒకరికొకరు స్నేహంగా ఉండాలి, ఒకరి వ్యాపారం ఒకరికి అందాలి. మొదట్లో ఉన్న ఉద్దేశం అంతే. బయటివాళ్ళకి ఏదైనా చేద్దామన్న ఆలోచన రెండేళ్ళకి గాని రాలేదు. అప్పుడు చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఏమిటనుకున్నారు? షికాగో నడిబొడ్డున జనానికి మరుగుదొడ్లు కట్టించాలని పోరాడటం! మన ఊళ్ళ బస్టాండులు తెలిసినవాళ్ళెవరూ ఆ పనిని చిన్నచూపు చూడరు.

ఆస్ట్రేలియాకి రోటరీ 1921లో వచ్చింది. కెనడా నుంచి డేవిడ్సన్, రాల్‌స్టన్ అని ఇద్దరు ప్రతినిధులు ఓడెక్కి వచ్చి, ఏప్రిల్లో మెల్‌బోర్న్ లోనూ, మేలో సిడ్నీలోనూ క్లబ్బులు పెట్టించారు. ఒక్కో వృత్తికి ఒక్కో మనిషి, అందరూ మగవాళ్ళే, అందరూ పెద్ద హోదా ఉన్నవాళ్ళే. కుర్రవాళ్ళకి ఇందులో చోటు దొరికేది కాదు. అందుకే 1930-31లో జీలాంగ్‌లో ముగ్గురు యువ ఆర్కిటెక్టులు బుకన్, లెయిర్డ్, ప్రౌడ్ అనేవాళ్ళు తమ ఈడువాళ్ళ కోసం ఏపెక్స్ పెట్టుకున్నారు. ఆర్థికమాంద్యం రోజులు కదా, ఆర్కిటెక్టులకి కట్టడానికి ఇళ్ళెక్కడివి! లయన్స్ వాళ్ళు 1947లో లిస్మోర్‌లో మొదలయ్యారు. క్రిస్‌మస్ ముందు ఆఫీసుల్లోనూ, షాపుల్లోనూ కనిపించే లయన్స్ కేకులు 1965 నుంచి అమ్ముతున్నారు.

ఈ తారీఖులన్నీ ఎందుకు చెబుతున్నానంటే, వాటి పక్కన ఇంకో తారీఖు పెట్టి చూడాలి. 1901లో ఈ దేశం చేసిన వలస చట్టం వల్ల, మెల్‌బోర్న్‌లో ఆ మొదటి భోజనాలు జరిగేనాటికి మా తాతలాంటివాడు ఇక్కడ స్థిరపడటానికి ఓడ దిగే వీలే లేదు. అధికారి ఏదో ఒక యూరోపు భాషలో డిక్టేషన్ చెప్పి, రాయలేదని వెనక్కి పంపేవాడు. ఆ విధానం పూర్తిగా పోయింది 1973లో. మన వైపు చూస్తే, కలకత్తాలో రోటరీ 1919లోనే వచ్చింది కాని అప్పట్లో అది ఎక్కువగా ఇంగ్లీషు వర్తకుల వ్యవహారం. అక్కడే పైకొచ్చిన నితీశ్ లాహరీ గారు 1962-63లో రోటరీ ప్రపంచాధ్యక్షుడయ్యారు. ఆసియా నుంచి ఆయనే మొదటివారు. ఆడవాళ్ళని చేర్చుకోవడానికి మాత్రం 1989 దాకా ఆగారు. అదీ అమెరికా సుప్రీంకోర్టు 1987లో మొట్టికాయ వేశాక! మా క్లబ్బులో ఇప్పుడు పని సగానికి పైగా నడిపేది ఆడవాళ్ళే కాబట్టి, ఆ అరవై డెబ్బై ఏళ్ళూ క్లబ్బులు ఏం పోగొట్టుకున్నాయో నాకు తెలుసు.

సరే, నా కథకి వస్తాను. 2003లో నన్ను సభ్యుడిగా చేర్చుకున్నారు. మొదటి ఆరునెలలూ మానేద్దామనే అనుకున్నాను. వాళ్ళ హాస్యం నాకర్థం కాదు, క్రికెట్ తప్ప వేరే మాట కలవదు. సార్జెంట్ అని ఒకాయన ఉంటాడు, ప్రతివారం మీటింగులో ఏదో సిల్లీ కారణం చెప్పి అందరికీ ఫైన్లు వేస్తాడు. "ఇండియా నిన్న మ్యాచ్ గెలిచింది కాబట్టి ఈయనకి రెండు డాలర్లు." మరుసటి వారం, "ఇండియా ఓడిపోయింది కాబట్టి రెండు డాలర్లు." నిజంగా అవమానిస్తున్నారేమో అనుకుని ఒకసారి ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎవరికి ఫైను పడితే వాళ్ళు తమవాళ్ళయినట్టన్న సంగతి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఇక విజిటింగ్ కార్డుల సంగతంటారా, ఒక్క క్లయింటు కూడా రాలేదు.

ఆ తరవాత సాసేజ్ సిజిల్. శనివారం పొద్దున్నే బన్నింగ్స్ షాపు ముందు టెంటు వేసి, బార్బెక్యూ మీద సాసేజ్‌లు కాల్చి, బ్రెడ్డు ముక్కలో పెట్టి అమ్మి డబ్బు పోగుచేస్తారు. మీరంతా చూసే ఉంటారు. నాకేమో బీఫ్ ముట్టుకోవడం ఇష్టం లేదు. చెప్పడానికి మొహమాటం. మొదటిరోజు ఏదో నడుం నొప్పి అని అబద్ధం చెప్పాను. పళ్ళ డాక్టరు గారు కనిపెట్టేశారు. ఏమీ అడగలేదు. ఒక పెద్ద ఉల్లిపాయల మూట, కత్తి, క్యాష్ బాక్సు నా ముందు పెట్టి, "ఇవి నీ డిపార్టుమెంటు" అన్నారు. అప్పటినుంచీ ఇప్పటిదాకా నేను ఉల్లిపాయల మంత్రిని, ఆర్థికమంత్రిని కూడా. 2018లో బన్నింగ్స్ వాళ్ళు ఉల్లిపాయ జారి కిందపడితే జనం కాలు జారి పడతారని, ఉల్లిపాయని సాసేజ్ కింద పెట్టాలని రూలు తెచ్చారు. దేశమంతా పేపర్లలో పెద్ద చర్చ. ఆ వారం మా క్లబ్బులో నా అంత ముఖ్యుడు ఇంకొకడు లేడు.

మన తెలుగు స్నేహితులు అటుగా వచ్చి, "ఇదేంటండీ, చార్టర్డ్ ఎకౌంటెంట్ అయ్యుండి రోడ్డు మీద ఉల్లిపాయలు కోస్తున్నారు" అనేవారు. ఒకాయనైతే, "మొత్తం రోజంతా నిలబడితే ఎంతొస్తుంది? అదేదో నేను చెక్కు రాసి ఇచ్చేస్తాను, హాయిగా ఇంటికెళ్ళండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కాని ఆలోచించాల్సిన మాట అది. మన దగ్గర దానానికి కొదవేముంది? గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అన్నం పెట్టి పేరు పొందారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. ఒక మహానుభావుడో, మహాతల్లో పెడతారు, మిగతావాళ్ళం దణ్ణం పెడతాం. ఈ క్లబ్బులో మహానుభావులెవరూ లేరు. ఒక ప్లంబరు, ఒక రిటైరైన టీచరు, నేను, మరో పదిహేనుమంది. ఎవరి దగ్గరా పెద్ద డబ్బు లేదు. వంతులున్నాయి, అంతే. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు రావాలి. అధ్యక్షపదవి కూడా వంతే. ప్రతి జూలై 1న కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కాలి. మన తెలుగు సంఘాల్లో ఆ కుర్చీ కోసం పోటీ. ఇక్కడ ఆ కుర్చీ తప్పించుకోవడానికి పోటీ. ఈ మాటన్నందుకు మన సంఘం పెద్దలు నన్ను క్షమించాలి, నేనూ ఆ కమిటీలో ఉన్నవాణ్ణే.

ఇప్పటిదాకా చెప్పింది ఎందుకు చేరానన్నది. ఎందుకు ఉండిపోయానన్నది వేరే కథ. దానికి మా అక్క గురించి చెప్పాలి.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. 1964లో, దానికి రెండో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. తగ్గాక చూస్తే కుడికాలు కదలటం లేదు. ఆ రోజుల్లో మా వైపు చుక్కల మందు అన్నది ఎవరికీ తెలియదు. నూనెలు రాశారు, తాయెత్తులు కట్టారు, మొక్కులు మొక్కారు. అక్క మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒంగి ఒంగి నడవడం నేర్చుకుంది. ఊళ్ళో దాన్ని ఏ పేరుతో పిలిచేవారో ఈ రేడియోలో చెప్పను. దాన్ని చూడటానికి వచ్చిన సంబంధాలు కూడా అంతే, చెప్పుకోవడానికి బావుండవు. అది సెకండరీ గ్రేడ్ టీచరయింది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను సి.ఏ. చదివించింది అక్క జీతమే.

1995 డిసెంబరు 9న దేశంలో మొదటి పల్స్ పోలియో. 1996 జనవరి 20న రెండోసారి. మూడేళ్ళలోపు పిల్లలందరికీ ఒకే రోజున చుక్కలు. అక్క వాళ్ళ బడిలోనే బూత్. కొందరు తల్లులు భయపడి పిల్లల్ని తీసుకురాలేదట. అక్క ఇల్లిల్లూ తిరిగింది. ఏం చెప్పి తెచ్చావే అని అడిగితే, "ఏం చెప్పలేదురా, గుమ్మం దాకా నడిచి వెళ్ళాను. వాళ్ళే చంకనేసుకుని వచ్చారు" అంది.

ఇక 2004లోనో ఏమో, మా క్లబ్బుకి ఒక ముసలాయన ప్రసంగించడానికి వచ్చాడు. నేను వెనక బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయల బిల్లులు సరిచూసుకుంటున్నాను. పోలియో అన్న మాట చెవిన పడి తలెత్తాను. ఆయన చెప్పింది క్లెమ్ రెనూఫ్ అనే మనిషి గురించి. 1921లో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఇంగమ్ అనే చెరుకు ఊళ్ళో పుట్టారు. యుద్ధంలో వైమానికదళంలో పనిచేశారు. తరవాత బ్రిస్బేన్‌కి ఉత్తరంగా వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న నాంబోర్‌లో ఎకౌంటెంటుగా స్థిరపడ్డారు. అవునండీ, ఎకౌంటెంటే! అక్కడి రోటరీ క్లబ్బు నుంచి మెట్టు మెట్టుగా ఎదిగి 1978-79లో ప్రపంచాధ్యక్షుడయ్యారు.

అప్పటికి మశూచి ప్రపంచంలో అంతరించింది. ప్రయాణంలో ఉండగా ఒక పత్రికలో ఆ సంగతి చదివారు రెనూఫ్. దానికయిన ఖర్చు చూసి, లెక్కల మనిషి కదా, ఇంతేనా అనుకున్నారు. మరి మనలాంటి క్లబ్బులన్నీ కలిసి ఒక రోగాన్ని పట్టుకుంటే? అమెరికాలో జాన్ సెవర్ అనే రోటరీ సభ్యుడు, వైద్య శాస్త్రవేత్త, ఆయన్ని అడిగారు. సెవర్ ఆలోచించి ఇచ్చిన జవాబు, పోలియో. నోట్లో చుక్కలు వెయ్యడానికి సూది అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, క్లబ్బు సభ్యులు కూడా వెయ్యగలరు. 1979 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టారు. అయిదేళ్ళలో 60 లక్షల మంది పిల్లలు, 7 లక్షల 60 వేల డాలర్లు. అది నడిచింది కాబట్టి 1985లో పోలియోప్లస్ పెట్టారు. 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకుంటే 1988కి 24 కోట్ల 70 లక్షలు వచ్చాయి. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సభ పోలియోని నిర్మూలించాలని తీర్మానం చేసింది. అప్పట్లో ఏడాదికి మూడున్నర లక్షలమంది పిల్లలకి వచ్చేది. వ్యాక్సిను కనిపెట్టింది సాల్క్, సేబిన్. ఊరూరా వేసింది ప్రభుత్వాలు, ఏ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ అమ్మలు, మా అక్కలాంటివాళ్ళు. అదంతా రోటరీ ఘనతే అని నేననను. కాని ప్రపంచమంతా చెయ్యొచ్చు అన్న ఊహకి ఒక అంకురం మా పక్క ఊళ్ళో పడింది.

ఆ రాత్రి అక్కకి ఫోన్ చేశాను. అప్పట్లో కాలింగ్ కార్డులు, గీకి నెంబరు కొట్టడం. "అక్కా, నీ బడిలో చుక్కలు వేశారే, అది మొదలైంది ఇక్కడ నాంబోర్ అనే ఊళ్ళోనట" అన్నాను.

"నంబూరా? మన గుంటూరు పక్కదా? ఎవర్రా ఆయన, మనవాళ్ళేనా?"

"నంబూరు కాదే, నాంబోర్. ఆస్ట్రేలియాలో."

కాసేపు మాట్లాడలేదు. "అందుకేనా మా బడి గోడకి ఆ చక్రం బొమ్మ బ్యానరు కట్టారు. నేనేదో సైకిలు కంపెనీ అనుకున్నాను" అంది.

అదీ సంగతి. ఆ రోజు నుంచి ఏ శనివారమూ నా వంతు ఎగ్గొట్టలేదు. పోగుచేసిన డబ్బులో కొంత ప్రతి ఏడూ పోలియోకే వెళ్తుంది. ఎకౌంట్లు రాసేది నేనే కాబట్టి ఎంత వెళ్ళిందో పైసాతో సహా తెలుసు. పెద్ద మొత్తమేమీ కాదు.

ఇంకొక్క రోజు గురించి చెప్పాలి. 2011 జనవరి 13. బ్రిస్బేన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ తెల్లవారుజామున నది 4.46 మీటర్ల ఎత్తున పొంగి ఊళ్ళోకి వచ్చింది. మన సంక్రాంతి రోజులు. మా ఇల్లు ఎత్తు మీద ఉంది, బతికిపోయాం. ఆఫీసు కింద అంతస్తు, అదే పళ్ళ డాక్టరు గారిది, నడుం లోతు బురద. ఆ శని ఆదివారాల్లో మడ్ ఆర్మీ అని వేలమంది జనం చీపుళ్ళూ పారలూ పట్టుకుని వచ్చారు. మా క్లబ్బంతా దిగింది. మన తెలుగు కుర్రాళ్ళు, స్టూడెంట్లు, ఒక డజనుమంది వచ్చారు. మా ఆవిడ రెండు పెద్ద గిన్నెల పులిహోర కలిపి తెచ్చింది. సార్జెంట్ గారు బురద చేతులతోనే మూడుసార్లు పెట్టించుకుని, ఇంత కారంగా చేసినందుకు నాకు రెండు డాలర్లు ఫైను వేశారు.

ఆ తేదీకి ఇంకో అర్థం ఉందని ఏడాది తరవాత గాని తెలియలేదు. హౌరా జిల్లాలో ఒక పసిపాపకి కాలు పడిపోయింది సరిగ్గా ఆ 2011 జనవరి 13ననే. సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల భారతదేశంలో నమోదైన ఆఖరి కేసు అది. 2012 ఫిబ్రవరిలో జాబితాలోంచి మన దేశం పేరు తీసేశారు. 2014 మార్చి 27న ఢిల్లీలో మన ప్రాంతం మొత్తానికీ సర్టిఫికెట్ ఇచ్చారు. అక్కకి ఫోన్ చేసి చెబితే సంతోషించింది. తరవాత, "యాభై ఏళ్ళు లేటురా తమ్ముడూ" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికే దానికి మంచి కాలు కూడా బలహీనపడటం మొదలైంది. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళలో కొందరికి పెద్దయ్యాక మళ్ళీ అలా అవుతుందట. ఆ మాట డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

2015లో అక్కని ఇక్కడికి తీసుకొచ్చాం. గోల్డ్ కోస్ట్, కంగారూలు, అన్నీ చూపించాం. దానికి చూడాలని ఉన్నది ఒకటే. ఒక ఆదివారం నాంబోర్ తీసుకెళ్ళాను. చెరుకు మిల్లు 2003లోనే మూతపడింది కాని, చెరుకు బళ్ళు నడిచిన సన్నపట్టాలు వీధి మధ్యలో ఇంకా ఉన్నాయి. ఆదివారం కావడంతో షాపులన్నీ మూసి, వీధిలో మనిషి జాడ లేదు. అక్క చేతికర్ర పట్టుకుని పట్టాల పక్కన నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇదేనా? ఇంత చిన్న ఊరా! మన తణుకే నయం కదరా" అంది. తరవాత కారెక్కుతూ, "ఆయన ఇంకా ఉన్నాడా?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను. "పోన్లే, పెద్దాయన్ని ఆదివారం పూట ఇబ్బంది పెట్టడం ఎందుకు" అంది. మేం తిరిగొచ్చేశాం.

రెనూఫ్ గారు 2020 జూన్‌లో పోయారు, 99 ఏళ్ళకి. కోవిడ్ రోజులు కాబట్టి మా మీటింగులు కంప్యూటర్ తెర మీదే. పదిహేడు చిన్న చిన్న గళ్ళల్లో అందరం ఒక నిమిషం తలలొంచుకున్నాం. ఎవరి కుక్కో మొరిగింది. సార్జెంట్ గారు ఆ కుక్క యజమానికి ఫైను వెయ్యలేదు. అది ఒక్కసారే జరిగింది.

సహజ పోలియో వైరస్ ఇంకా పాకిస్తాన్‌లోనూ, ఆఫ్ఘనిస్తాన్‌లోనూ వదల్లేదు. మా క్లబ్బులో కూడా మనుషులు తగ్గిపోతున్నారు. పళ్ళ డాక్టరు గారు ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నారు. యాభై దాటనివాళ్ళు ముగ్గురే. ఫోన్ చేసిన అమ్మాయీ, నువ్వు వింటుంటే, వచ్చే శనివారం పొద్దున్న ఏడింటికి బన్నింగ్స్ దగ్గర టెంటు. ఉల్లిపాయలు కొయ్యడానికి ఇంకో చెయ్యి కావాలి. కత్తి నేనే తెస్తాను.

మళ్ళీ వారం కలుద్దాం. నమస్కారం.